లేని రేడియేటర్‌కి రిపేరు

ఐసెలిన్, న్యూజెర్సీ
10 అక్టోబర్ 1982

శ్యామూ,

నీకు దిష్టి తగలకుండా ఇక్కడి నుంచే మెటికలు విరిచి రాస్తున్నాను. మరదలు నళిని ఎలా ఉంది? నేను పంపిన గోంగూర పచ్చడి కాలిఫోర్నియా చేరేసరికి మూత ఊడి పార్సెలంతా కారిందట కదా. ఆ మూత బిగించింది మీ బావ. ఈ మధ్య ఆయన చేతిలో ఏదీ సరిగా బిగుసుకోవడం లేదు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆగస్టు నెలాఖరున బావ ఉద్యోగం పోయింది. కంపెనీ వాళ్ళు డ్రాయింగ్ ఆఫీసు మొత్తం ఎత్తేసి దక్షిణాదికి ఎక్కడికో తరలించారు. పద్నాలుగేళ్ళు వాళ్ళ మిషన్లకి డ్రాయింగులు గీసిన మనిషికి ఒక కేకు కోసి, చెయ్యి కలిపి సాగనంపారు. ఎవరికీ చెప్పొద్దన్నారు, అందులోనూ నీకు అసలే చెప్పొద్దన్నారు. పెళ్ళాం తమ్ముడి ముందు చులకనైపోతానని ఆయన బాధ.

పొద్దున్నే లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్సిళ్ళు పెట్టుకుని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటారు. సాయంత్రం నేను హాస్పిటల్ నుంచి వచ్చేసరికి అదే కుర్చీలో ఉంటారు. మొదట్లో అప్లికేషన్లు పెట్టారు. ఒకరు వయసు ఎక్కువన్నట్టు, ఇంకొకరు అనుభవం ఎక్కువన్నట్టు జవాబులు రాశారు. ఇప్పుడు అదీ మానేశారు. మొన్న తెలుగువాళ్ళమంతా పార్కులో కలిస్తే, ఎవరైనా ఆఫీసు సంగతి అడుగుతారని రాలేదు.

మా పెళ్ళి గుర్తుందా? అలకపాన్పు ఎక్కించి ఏదో ఒకటి కోరుకోమని అందరూ బతిమాలితే ఈయన నోరు విప్పలేదు. అల్లుడు అలిగితేనే ముచ్చట బాబూ అని నాన్న మొత్తుకున్నా వినలేదు. చివరికి పన్నెండేళ్ళవాడివి నువ్వే "నేను పెద్దయ్యాక మోటార్ సైకిల్ కొనిపెడతాను, లే బావా" అని చెయ్యి పట్టుకుని దింపావు. పెళ్ళి పందిరంతా నవ్వింది. అప్పుడు అలగడం చేతకాని మనిషి ఇప్పుడు లోకం మీద అలిగి కుర్చీ దిగడం లేదు. నాకు భయంగా ఉంది శ్యామూ.

ఆయన్ని ఇంట్లోంచి కదిలించే ఉపాయం ఏదైనా ఆలోచించు. జాలి పడుతున్నట్టు మాత్రం తెలియకూడదు. ఫోన్ చెయ్యకు, ఫోన్ ఆయన కుర్చీ పక్కనే ఉంది. జవాబు మా హాస్పిటల్ లాబొరేటరీ అడ్రసుకి రాయి.

గరాజ్‌లో నీ పాత మోటార్ సైకిల్ క్షేమం. చలికాలం ముందు కాస్త నూనె పెట్టక్కా అని వెళ్ళేటప్పుడు చెప్పావు కదా, మూడేళ్ళుగా మరవకుండా పెడుతున్నాను.

మీ రాణక్క


శాంటా క్లారా
19 అక్టోబర్ 1982

అక్కా,

నీ ఉత్తరం అందింది. నేను ఎమ్మెస్‌కి వచ్చి మీ ఇంట్లో ఉన్న మొదటి ఏడాది, మంచులో రోజూ నన్ను కాలేజీ దగ్గర దింపి ఆఫీసుకి వెళ్ళిన మనిషి బావ. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. నేను ఆ మోటార్ సైకిల్ కొన్న రోజు మాత్రం విసుక్కున్నారు. "పదేళ్ళ పాత ఇనుము కొన్నావు, అది నిన్ను మొయ్యదు, నువ్వే దాన్ని మోస్తావు" అన్నారు. చాలాసార్లు అదే జరిగింది.

అందుకే ఒక ఉపాయం తోచింది. నిజం చెప్పాలంటే ఆ బండిని నేను ఎప్పుడో మర్చిపోయాను. నళినికి దాని సంగతే తెలియదు. పాత ఇనుము వాళ్ళకి ఇచ్చెయ్యమని నీకు రాద్దామనుకుంటూనే బద్ధకించాను. బద్ధకం కూడా ఒక్కోసారి మంచే చేస్తుంది.

ఇవాళే బావకి ఇంటి అడ్రసుకి వేరే ఉత్తరం పోస్ట్ చేస్తున్నాను. ఆ బండి మీద బెంగగా ఉందని, వసంతకాలానికల్లా రోడ్డు మీద తిరిగేలా సర్వీస్ చేయించాలని, మీ పక్క ఊరు రావేలో వాల్టర్ అనే ముసలాయన షాపు తప్ప ఇంకెక్కడికీ తీసుకెళ్ళొద్దని రాశాను. వాల్టర్ పనిమంతుడే గాని పక్కన నిలబడి చూసుకునేవాడు ఉండాలి అని కూడా రాశాను. ఒకడు పని చేస్తుంటే పక్కన నిలబడి తప్పులు పట్టడం బావకి ఎంత ఇష్టమో నీకు తెలుసు.

ఇంతకీ ఏం నూనె పెడుతున్నావు?

శ్యామ్


ఐసెలిన్
14 నవంబర్ 1982

శ్యామూ,

నీ దొంగ ఉత్తరం వచ్చింది. బావ రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "వీడికి ఇంకా బుద్ధి రాలేదన్నమాట" అన్నారు. రెండు రోజులు దాని ఊసే లేదు. మూడోనాడు నేను వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఇల్లంతా వెతికాను. చూస్తే గరాజ్‌లో ఉన్నారు. బండి మీద దుప్పటి తీసేసి, నడుం మీద చేతులు పెట్టుకుని, "బండిని ఇలాగేనా ఉంచేది" అని నన్ను అడిగారు, అదేదో నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్నట్టు.

పక్కింటాయన ట్రక్కులో ఎక్కించుకుని రావే తీసుకెళ్ళారు. వాల్టర్‌కి డెబ్భై దాటాయట. యుద్ధంలో ఇంగ్లండులో ఉండి సైన్యం మోటార్ సైకిళ్ళు బాగుచేశాడట. అందుకే చుట్టుపక్కల ఎవరూ ముట్టుకోని ఇంగ్లీషు బళ్ళన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. ఆయన ముందు క్లచ్ నొక్కి చూశాడు. రాయిలా కదల్లేదు. కేబుల్ లాగితే దాని గొట్టం నిండా తెల్లగా మైనం లాంటిది ఉంది. నలభై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి గ్రీజు చూడలేదు, కేకు వాసన వస్తోంది, ఏ కంపెనీది అని అడిగాడట.

సాయంత్రం బావ తిన్నగా బాత్రూంలోకి వెళ్ళి నా కొబ్బరి నూనె సీసా తెచ్చారు. "తలకి రాసుకునే ముందు దీన్ని వేణ్ణీళ్ళలో ఎందుకు పెడతావు?" అని అడిగారు. చలికి గడ్డకడుతుంది కదండీ అన్నాను. అన్నాక నేనేమన్నానో నాకే వినిపించింది. మూడేళ్ళుగా గొలుసుకీ తీగలకీ అన్నిటికీ శ్రద్ధగా తలంటు పోశాను మరి. తెలియనిదాన్ని కాదు, ప్రతి డిసెంబరులో సీసాని కరిగించుకునేదాన్నే. ఆయన నన్ను చూశారు, సీసాని చూశారు, నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. రెండున్నర నెలల తర్వాత నవ్వారు శ్యామూ. ఆ నూనె పెట్టినందుకు నాకు ఏ కోశానా విచారం లేదు.

ఇంకో సంగతి. ఆ బండి నట్లకి అమెరికా స్పానర్లు పట్టవట, ఇంకే దేశానివీ పట్టవట, పాత ఇంగ్లీషు కొలతలవే కావాలట. వాల్టర్ సెట్టులో సగం పోయాయి. బావ ఇంటికొచ్చి, విశాఖ షిప్‌యార్డులో అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు కొనుక్కున్న స్పానర్లు, బిస్కెట్ల డబ్బాలో ఉన్నవి, మంచం కింద నుంచి తీశారు. 1968లో ఈ దేశం వచ్చేటప్పుడు ఆ డబ్బా కోసం నా ఆవకాయ జాడీ పెట్టెలోంచి తీయించారు. ఇన్నేళ్ళూ దెప్పుతూనే ఉన్నాను. ఇప్పుడు అన్నీ సరిపోయాయట. ఇక దెప్పడానికి లేకుండా పోయింది.

అక్క


శాంటా క్లారా
5 డిసెంబర్ 1982

అక్కా,

కొబ్బరి నూనె సంగతి లంచ్‌లో గుర్తొచ్చి నవ్వాపుకోలేక పొలమారింది. ఎదురుగా కూర్చున్న నళిని ఏమిటని అడిగింది. మోటార్ సైకిల్ ఉందని అప్పుడు చెప్పాల్సి వచ్చింది. ఒకరోజు మాట్లాడలేదు, తర్వాత నీ పక్షం చేరింది. ఇప్పుడు ఈ కుట్రలో ముగ్గురం.

బావ నాకు తొమ్మిది పేజీల రిపోర్టు పంపారు. పెట్రోలు ట్యాంకులో తుప్పు, కార్బురేటర్‌లో బంక, టైర్లలో పగుళ్ళు, ఒక్కొక్కదానికి ఒక నంబరు, నంబరు పక్కన ఒక ప్రశ్న, ప్రశ్న పక్కన నేను జవాబు రాయడానికి గీసిన గడి. పరీక్ష పేపరులా ఉంది. ఆఫీసుకి టైమైపోతుంటే ఐదు నిమిషాల్లో నింపేశాను. చాలా వాటికి కొత్తది వెయ్యండి అని రాశాను. గేరు పెడల్ రబ్బరు అరిగిందన్నారు, ఎడమవైపుది మార్చెయ్యండి అన్నాను. తొందరేమీ లేదు, వాల్టర్‌ని నెమ్మదిగా చెయ్యనివ్వండి అని కింద రాశాను.

రేణు కాలేజీ అప్లికేషన్లు ఎప్పుడు మొదలు? మామయ్య ఊళ్ళో కాలేజీలున్నాయని చెప్పు.

శ్యామ్


ఐసెలిన్
20 ఫిబ్రవరి 1983

శ్యామూ,

నీకు పరీక్షల్లో తొందర చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే. ఆ బండికి గేరు కుడికాలి వైపు ఉందటరా. పాత ఇంగ్లీషు బళ్ళకి అటే ఉంటుందట. బావ నీ జవాబు నా ముందు పెట్టి, "సొంత బండికి గేరు ఎటుందో తెలియనివాడు దాని మీద బెంగ ఎలా పెట్టుకున్నాడే?" అన్నారు. వాడికి పుట్టినప్పటి నుంచీ కుడీ ఎడమా తెలియదండీ అన్నాను. ఆయన ఊఁ అన్నారు. ఆ ఊఁ నాకు నచ్చలేదు. ఇక ముందు కాస్త చూసి రాయి.

మిగతావన్నీ మంచి కబుర్లే. బావ పొద్దున్నే నన్ను హాస్పిటల్‌లో దింపి అక్కడి నుంచి రావే పోతున్నారు. పోయిన వారం మోకాలి లోతు మంచు పడితే తవ్వుకుని మరీ వెళ్ళారు. వాల్టర్‌కి చూపు మందగించింది, పార్ట్స్ పుస్తకంలో సన్నటి అక్షరాలు కనపడవు, నీ బండికైతే ఆ పుస్తకం కూడా లేదు. అందుకని ఊడదీసిన ప్రతి భాగాన్నీ బావ కొలిచి, పెద్ద కాగితం మీద డ్రాయింగ్ గీస్తున్నారు. ఏది ఏ వరసలో ఊడిందో, ఏ వరసలో బిగించాలో, పక్కన వేలెడు లావు అంకెలు. వాల్టర్ వాటిని షాపు గోడకి అంటిస్తున్నాడు. ఆయన చూసి బిగిస్తాడు, ఈయన పక్కన నిలబడి తప్పులు పడతారు. మధ్యాహ్నం నేనిచ్చిన పులిహోర ఇద్దరూ పంచుకుంటారు. గోళ్ళ సందుల్లో నల్లగా నూనె. రేణు "డాడ్, యూ స్మెల్ లైక్ ఎ గ్యాస్ స్టేషన్" అని, పెట్రోలు బంకు కంపని ముక్కు మూసుకుంటే సిగ్గుపడుతూ మురిసిపోతున్నారు.

ఇప్పుడు అసలు గండం. బండి మార్చి నెలాఖరుకి తయారవుతుందట. తయారవగానే ట్రక్కులో నీకు పంపించెయ్యాలని బావ నిర్ణయం. ఎవడి సొమ్ము వాడికి చేర్చాలంటున్నారు. ఇక్కడికి దగ్గర్లో ఎలిజబెత్ అనే ఊళ్ళో ఎవరో రవాణా వాళ్ళతో మాట్లాడారు కూడా. బండి వెళ్ళిపోతే మళ్ళీ ఆ కుర్చీయే గతి. ఆ కుర్చీని నేలమాళిగలో పడేద్దామా అని కూడా ఆలోచించాను. ఏదో ఒకటి చెయ్యి.

అక్క


శాంటా క్లారా
16 మార్చి 1983

అక్కా,

మా అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ లేదని బావకి రాశాను. ఎక్కడెక్కడ షెడ్డు అద్దెకి దొరుకుతుందో లైబ్రరీలో కాలిఫోర్నియా ఫోన్ డైరెక్టరీ చూసి జాబితా పంపారు. ఇక్కడ వానలన్నాను. పది నెలలు ఎండే కదా అని వాతావరణం లెక్కలు పంపారు. ఆ మనిషిని ఉద్యోగం నుంచి తీసేసిన వాళ్ళకి బుర్ర లేదు.

నేను రేపు ఆఫీసు పని మీద తైవాన్ వెళ్తున్నాను, నాలుగు వారాలు. అక్కడి నుంచి ఏమీ చెయ్యలేను. నేను వచ్చేదాకా నువ్వే లాగు. నేను ఫోన్ చేశానని చెప్పి ఇంకో రిపేరు ఏదైనా కల్పించు. పెద్ద రిపేరు.

శ్యామ్


ఐసెలిన్
10 ఏప్రిల్ 1983

శ్యామూ,

మీ అక్క తెలివికి నువ్వు సాష్టాంగ నమస్కారం చెయ్యాలి. మార్చి ఆఖరి వారం బావ ఇంటికొచ్చి, పని అయిపోయింది, ట్రక్కు వాళ్ళకి కబురు చెయ్యాలి అన్నారు. నేను కూర తరుగుతున్నాను. తల కూడా ఎత్తకుండా, "శ్యామ్ ఫోన్ చేశాడండీ, రేడియేటర్ కారుతుండేదట, అది పూర్తిగా బాగుచేయించాకే పంపమన్నాడు" అన్నాను. మన కారుకి కిందటేడు అదే జబ్బు చేసి పది రోజులు షాపులో ఉంది కదా, అందుకని అది తోచింది.

ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత, "రేడియేటరా? అయితే చూడాల్సిందే" అన్నారు. రెండు వారాలైంది. నిన్న ఎంతవరకు వచ్చిందని అడిగితే, చాలా పెద్ద పని రాణీ, ఇంకో నెల పట్టేలా ఉంది అన్నారు. వాల్టర్ కూడా ఇంత జటిలమైన రేడియేటర్ ఎన్నడూ చూడలేదన్నాడట.

నా అబద్ధానికి తగ్గట్టు నిజంగానే అది చెడిపోయి ఉండటం దైవికం కాకపోతే ఏమిటి? శుక్రవారం పరమాన్నం చేసి నైవేద్యం పెట్టాను.

అక్క


శాంటా క్లారా
17 ఏప్రిల్ 1983

అక్కా,

ఆ బండికి రేడియేటర్ లేదు.

గేరు ఎటుందో మర్చిపోయాను గాని ఇది మర్చిపోలేదు. అది గాలికి చల్లబడే ఇంజను. అందులో నీళ్ళు పోసే చోటే ఉండదు. లేనిదాన్ని బావ మూడు వారాలుగా ఎలా బాగుచేస్తున్నారు? అంటే ఆయనకి అంతా తెలుసు. తెలిసీ మనల్ని ఆడిస్తున్నారు, లేదా లోపల కుమిలిపోతున్నారు. ఏదో తెలియక నాకు నిద్ర పట్టడం లేదు. జాలి పడ్డామని ఆయన అనుకుంటే ఇక మీ ఇంటి గడప ఎలా తొక్కను?

రావే వెళ్ళి నీ కళ్ళతో చూడు. చూసి వెంటనే రాయి. పరమాన్నం సంగతి ఎవరికీ చెప్పకు.

శ్యామ్


ఐసెలిన్
15 మే 1983

శ్యామూ,

నాలుగు వారాలు నాకు ధైర్యం చాలలేదు. నిన్న శనివారం, మధ్యాహ్నం భోజనం తెచ్చానన్న వంకతో రావే వెళ్ళాను.

ముందు ఆ గోడ గురించి చెప్పాలి. నేల నుంచి కప్పు దాకా బావ డ్రాయింగులే. ఇన్నేళ్ళూ ఆయన గీసినవి ఆఫీసు బీరువాల్లో ఉండేవి, నేను ఒక్కటీ చూడలేదు. నీ బండి ఇంజను పొరలు పొరలుగా విప్పి గాలిలో నిలబెట్టినట్టు గీశారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని కళ్ళు చెమర్చాయి. ఇంత అందంగా పనిచేసే మనిషితోనా నేను ఇన్నాళ్ళూ కాపురం చేశాను అనిపించింది. గోడ పక్కనే నీ బండి, నల్లగా నిగనిగలాడుతూ ఉంది.

"శ్యామ్ బండికి రేడియేటర్ ఎక్కడుందండీ?" అని అడిగేశాను.

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. "గాలికి చల్లబడే ఇంజను రాణీ. దీనికి రేడియేటర్ ఉండదు."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"నువ్వు చెప్పావు కదా. కాదంటే బాగుండదని చేస్తున్నాను."

ఆయనకి నీ మొదటి ఉత్తరంతోనే తెలిసిపోయిందట. ఇన్నేళ్ళలో ఆ బండి విషయంలో ఒక్క సాయం అడగనివాడు, బుద్ధి లేదని తిట్టిన మనిషినే సర్వీస్ చేయించమని అడిగాడంటేనే అర్థమైందట. మరి ఎందుకు ఊరుకున్నారంటే నేల చూపులు చూస్తూ ఒక మాటన్నారు. "అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ నా కోసం అంత కష్టపడి అబద్ధాలాడుతుంటే, కాదనడానికి మనసొప్పలేదు." వాల్టర్ ముందే ఏడ్చేశాను. పాపం ఆయన కంగారుపడి కుర్చీ తెచ్చాడు.

ఇంకో మంచి కబురు. పాత ఇంగ్లీషు బళ్ళకి విడిభాగాలు చేయించే పెన్సిల్వేనియా ఆయన ఒకడు వాల్టర్ దగ్గరికి వచ్చి ఆ గోడ చూశాడట. ఈ మోడల్ మొత్తానికి డ్రాయింగులు కావాలన్నాడు, ఇది పూర్తయితే తర్వాత వేరే మోడళ్ళు వరసగా ఉన్నాయన్నాడు. నలభై షీట్లు గీయాలి, పద్దెనిమిది అయ్యాయి. రేడియేటర్ పని పేరుతో ఈయన చేస్తున్నది అది. మనకి చెప్పకుండా మనకంటే బాగా అబద్ధమాడారు.

కానీ శ్యామూ, ముడి ఇంకా విడలేదు. మిగతా షీట్లకి బండి ఎదురుగా ఉండాలి, ఒక్కొక్క భాగం కొలవాలి. ఉంచుకోండి, వాడికి అక్కర్లేదు అని నేను చెప్పేశాను. అదే తప్పైంది. మొహం ముడుచుకుపోయింది. "పని దొరికిన మాట నిజమే. వాడు జాలిపడి వదిలేసిన బండి మీద ఆ పని చేస్తే నాకు తలవంపులు. ఎలా ఉందో అలా వాడికి చేరాలి" అన్నారు. జూన్ పదకొండుకి ట్రక్కు మాట్లాడేశారు. ఆయన మాట అంటే వెనక్కి తీసుకునే మనిషి కాదు. బండి పోతే ఈ పని కూడా పోతుంది. నాకు ఇక అబద్ధాలు తోచడం లేదు.

అక్క


శాంటా క్లారా
24 మే 1983

అక్కా,

ఈ ఉత్తరం లాబొరేటరీకి కాదు, ఇంటి అడ్రసుకే పంపిస్తున్నాను. బావని కూర్చోబెట్టి చదివి వినిపించు. ఆ కిటికీ దగ్గర కుర్చీలో మాత్రం వద్దు.

బావా, జూన్‌లో మీ పెళ్ళికి ఇరవై ఏళ్ళు. ఆ రోజు మీరు అలకపాన్పు మీద నోరు విప్పకపోతే, పెద్దయ్యాక మోటార్ సైకిల్ కొనిపెడతానని నేనే మిమ్మల్ని దింపాను. మా నాన్న ఎదురుగా, పురోహితుడి ఎదురుగా, రెండు వైపుల పెద్దల ఎదురుగా అన్న మాట. మీరు పాన్పు దిగారు. నేను మాట నిలబెట్టుకోలేదు. పైగా అదే మోటార్ సైకిల్ కొని మీ ఎదురుగా నేనే ఎక్కి తిరిగాను. మీరు ఆ రోజు విసుక్కున్నారంటే ఎందుకు విసుక్కోరు?

ఈ కవర్లో బండి ఎవరిదో చెప్పే టైటిల్ కాగితం ఉంది. వెనక సంతకం చేసి మీ పేరు రాశాను. ఇన్నాళ్ళూ మీ బండిని నేను వాడుకున్నాను, మీ గరాజ్‌లోనే పడేసి పాడుచేశాను, మా అక్క కొబ్బరి నూనె పోసింది. బాగుచేయించుకున్నది మీరే. ఇందులో నేను జాలిపడటానికి మిగిలిందేమీ లేదు. అల్లుడికి రావలసింది ఇరవై ఏళ్ళు ఆలస్యంగా అల్లుడికి చేరుతోంది. తీసుకోకపోతే ఇచ్చిన మాట తప్పినవాణ్ణని మా నాన్న పేరు చెడుతుంది.

చిన్నప్పుడు అన్న మాట నవ్వులాటకి అన్నది కాదు బావా. మీరంటే నాకు అప్పటి నుంచీ ప్రాణం. ఈ మాట ఇన్నేళ్ళలో ఒక్కసారీ మీతో అనలేదు, అందుకే రాస్తున్నాను.

మీ బావమరిది శ్యామ్‌సుందర్


ఐసెలిన్
12 జూన్ 1983

శ్యామూ,

వంటింట్లో నిలబెట్టే చదివాను. "అలకపాన్పు" దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. మొత్తం అయ్యేదాకా తుడుస్తూనే ఉన్నారు. కాగితం తీసుకుని, వెనక ముందు చూసి, "గట్టి కాగితమే" అన్నారు. అంతే. మర్నాడు ట్రక్కు వాళ్ళకి ఫోన్ చేసి వద్దన్నారు. మాట వెనక్కి తీసుకోవడం నేను చూడటం అదే మొదలు.

నిన్న పదకొండో తారీకు, పొద్దున్న నన్ను బండి మీదే హాస్పిటల్‌లో దింపారు. చీర కుచ్చెళ్ళు ఒడిలో పట్టుకుని, ఇంకో చేత్తో ఆయన చొక్కా పట్టుకుని కూర్చున్నాను. లాబొరేటరీ వాళ్ళంతా కిటికీల దగ్గరికి వచ్చారు. నాకు సిగ్గు వెయ్యలేదు.

కింద బావ ఏదో రాస్తానంటున్నారు.

మీ రాణక్క

ఏరా శ్యామ్,

బండి అందింది. అలక తీరింది. వెయ్యి మైళ్ళకొకసారి ఇంజనాయిల్ మార్చాలి, కేబుళ్ళకి వాల్టర్ చెప్పిన నూనే వాడాలి, గేరు కుడివైపు ఉంది. ఈ మూడూ నువ్వొచ్చి నడిపేటప్పుడు గుర్తుపెట్టుకో. ఆగస్టులో నళినిని తీసుకుని రా, చెరో రోజు నడుపుదాం.

బావమరిది బతకగోరతాడని పెద్దవాళ్ళంటే నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను.

షీట్లు ఇరవై ఆరు అయ్యాయి. రేడియేటర్ పని మాత్రం ఇంకా సాగుతోంది. అది ఎప్పటికీ పూర్తి కాకూడదని మీ అక్కని ఇంకోసారి పరమాన్నం చెయ్యమన్నాను.

కృష్ణమోహన్